దీపానికీ తొండకీ మధ్య

ప్రియమైన అమ్మాయికి,

ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. ఇంట్లో మూడో ప్రాణికే ఒంట్లో బాగాలేదు. ముందే చెబుతున్నాను, కంగారుపడకుండా చివరిదాకా చదువు.

మన తొండ హెడ్మాస్టరు నాలుగు రోజులుగా మేత ముట్టడం లేదు. ఎదురుగా పురుగు పాకుతున్నా నాలుక చాచడు. చూసీ చూడనట్టు కళ్ళు మూసుకుంటాడు. కొమ్మ ఎక్కడం మానేశాడు. నిన్న పొద్దున చేతిలోకి తీసుకుంటే ముందుకాళ్ళ వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చలి అనుకుందామంటే పెట్టె వెచ్చగానే ఉంది. వెనక కాళ్ళు ఈడుస్తున్నాడు. మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి "వయసైపోయిందేమోనండీ" అంది. ఆరేళ్ళకే వయసేమిటి? ఇవి పదేళ్ళు పైన బతుకుతాయని మనవాడే చెప్పేవాడు కదా.

వసతికి నేనేం లోటు చెయ్యలేదమ్మా. అయిదు నెలల కిందట నువ్వు కొత్త ఉద్యోగానికి వెళ్తూ దీన్ని మా దగ్గర వదిలిన వారానికే పాత పెట్టె తీసేసి కొత్తది కట్టాను. పైన ఆ తుప్పు జల్లెడ ఉండేది చూడు, అది పీకేసి, వాడికి ఎండ బదులు వెలిగే కరెంటు దీపం కింద అయిదు మిల్లీమీటర్ల గాజు పలక వేశాను. దీపం పగిలినా మీద పడదు, ఎగిరినా ఒళ్ళు కాలదు. అంచులు వేలు పెట్టి రాసినా గీసుకోవు. గాజు ఉందో లేదో కూడా తెలియదు, అంత తేటగా వచ్చింది. ఇంత భోగంలో ఉన్నవాడికి ఈ జబ్బేమిటో నాకు అంతుపట్టడం లేదు.

వాడు దీన్ని తెచ్చిన రోజు గుర్తుకొస్తోంది. బొటనవేలంత ఉంది. "చిన్నప్పుడు మా బళ్ళో హెడ్మాస్టరు అచ్చం ఇంతే నాన్నా, అదే గడ్డం, అదే చూపు" అన్నాడు. మీ అత్తయ్య "తొండలకు పేర్లేమిట్రా, రేపు ముదిరి ఊసరవెల్లి అవుతుంది" అని తిట్టింది. వాడు పోయి రెండేళ్ళు దాటింది. వాడి చేతి మేత తిని పెరిగింది మాకు ఇదొక్కటే మిగిలింది.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. ఫోను చెయ్యొచ్చుగా అనకు. ముప్పై ఎనిమిదేళ్ళు మిషను మీద గాజు అంచులు అరగదీస్తే నా చెవులు కూడా అరిగిపోయాయి. ఎదురుగా నిలబడి గట్టిగా చెబితే అందుతుంది గానీ, ఫోనులో నాది అరవడమే, అవతలి మాట ఒక్కటి అందదు. మీ అత్తయ్య సంగతి నీకు తెలిసిందే. నీతో ఇంకా మాట్లాడనంటోంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య

&nbsp;

మావయ్యగారికి,

మీ ఉత్తరం పనిలో ఉండగా వచ్చింది. ఎవరో పెద్దాయన పైపళ్ళ వరస చేతిలో పట్టుకుని, మైనం ఆరేలోపు చదివేద్దామని విప్పాను. చదివాక చూసుకుంటే, ఆ వరసలో కోరపన్ను ఇంకో పన్ను స్థానంలో పెట్టేశాను. మా పెద్దమ్మగారు, అంటే ఈ కట్టుడు పళ్ళ లాబ్ నడిపే ఆవిడ, "ఇది పెట్టుకుంటే ఆయన నవ్వితే పిల్లలు జడుసుకుంటారు" అని మళ్ళీ మొదటినుంచి చేయించారు.

రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కుక్కలూ ఆవులూ చూసే డాక్టరు కాదు, పాములూ తాబేళ్ళూ చూసే డాక్టరమ్మ ఒకరు ఉన్నారు, ఈ కాగితం వెనక అడ్రసు రాశాను. గుడ్డసంచీలో వేడినీళ్ళ సీసా పెట్టి, దానికి తువ్వాలు చుట్టి, పక్కన వాణ్ణి పడుకోబెట్టండి.

ఇంకో మాట చెప్పాలి. ఇది నా వల్లే అయ్యుంటుంది. ఎముకల బలానికి పురుగులకు తెల్ల పొడి అద్ది పెట్టాలని మీకు చెప్పాను, డబ్బా కూడా ఇచ్చాను. మీరు మానలేదని నాకు తెలుసు. కానీ మీకు చెప్పిన ఆ పని నేనే చెయ్యలేదు. మీ అబ్బాయి ఒక్క పూట కూడా మరిచేవారు కాదు. ఇక్కడికి వచ్చే ముందు రెండు నెలలు నేను పురుగులు అలాగే వదిలేశాను. కొన్ని రోజులు అసలు లేవబుద్ధి అయ్యేది కాదు. డబ్బా మూత తియ్యడం కూడా పెద్ద పనిలా ఉండేది. అది నోరులేని జీవి, అడగదు కదా.

ఆయన వస్తువులన్నీ అత్తయ్యగారు తీసుకున్నా నేను ఊరుకున్నాను. దీన్నొక్కదాన్నే నేను చూసుకుంటానన్నాను. అదీ ఇలా చేశాను. వాడు బతకాలి మావయ్యగారూ. ఏం చేసైనా బతికించండి.

మీ జవాబు కోసం చూస్తూ,
మీ కోడలు

&nbsp;

అమ్మాయికి,

డాక్టరమ్మ చూసింది. బక్కపలచని మనిషి, హెడ్మాస్టరును చూడగానే "నమస్కారమండీ" అంది వాడితో. నాకు నచ్చింది.

ఎక్స్‌రే తీసి చూపించింది. ఎముకలు ఉండాల్సిన చోట పొగ ఉన్నట్టుంది. ఎముక మెత్తబడే జబ్బట. కింది దవడ వేలితో నొక్కితే వంగుతోంది. పొద్దునా సాయంత్రం సిరంజితో నోట్లో మందు చుక్కలు వెయ్యాలి. రోజూ పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళలో కూచోబెట్టాలి. కూరాకు సన్నగా తరిగి నోటికి అందించాలి. మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా కాళ్ళు పూర్తిగా సాగుతాయని మాట ఇవ్వలేనంది. బతుకుతాడా అని అడిగాను. "ఇంకో నెల ఆలస్యమైతే బతికేవాడు కాదు" అంది. దాన్ని మంచి మాటగానే తీసుకుని వచ్చాను.

పెట్టెలో ఒకటి రెండు మార్పులు చెయ్యమంది. అవి నా పని, నేను చూసుకున్నాను.

నువ్వు రాసిన పొడి సంగతి చెప్పాను. విని తలూపింది. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. జరిగిందేదో జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఇప్పుడు చెయ్యాల్సింది చూద్దాం.

సిరంజి నాకు కొత్త. మొదటిరోజు మందంతా వాడి గడ్డానికే పట్టించాను. కోపం వచ్చినప్పుడల్లా చేసే విధంగా గడ్డం నల్లగా చేసుకుని నన్నొక చూపు చూశాడు. నా చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నప్పుడు కూడా ఎవరూ అలా చూడలేదు.

మీ మావయ్య

&nbsp;

ప్రియమైన మావయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. "జరిగిందేదో జరిగింది" అని రాశారు. "నీ తప్పు కాదు" అని రాయలేదు. మీరు నా మనసు కోసం కూడా అబద్ధమాడరని తెలుసు కాబట్టి నాకు అర్థమైంది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఒక్కరైనా ఉండాలి.

ఇంకో సంగతి. మీకు చెప్పకుండా ఉండలేను, చెప్పాలన్నా చేతులు రావడం లేదు. మా పైఅంతస్తులో ఎక్స్‌రే తీసే ఆయన ఒకరున్నారు. నలభై ఉంటాయి. మాటలు పొదుపు. భార్య విడిపోయి చాలా ఏళ్ళయిందట. మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తింటాం. హెడ్మాస్టరు గురించి నేను గంటలకొద్దీ చెబితే వింటారు. తొండ కథ అంతసేపు విన్న మనిషి నాకు ఇంతవరకూ ఇంకొకరు లేరు. పోయినవారం మెట్ల దగ్గర ఆపి, "మీరు సరేనంటే పెళ్ళి చేసుకుందాం. కాదంటే రేపటినుంచి మామూలుగా నమస్కారం పెడతాను, ఏమీ అనుకోను" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇష్టం లేదని చెప్తే అబద్ధం. ముప్పై మూడేళ్ళు నాకు. గదిలో ఒక కప్పు, ఒక పళ్ళెం. అయినా భయంగా ఉంది. ఆ రోజు మీ అబ్బాయిని గడప దాటకుండా ఆపలేకపోయినదాన్ని. ఇప్పుడు హెడ్మాస్టరు ఇలా. నా చేతిలో పెట్టింది క్షేమంగా ఉండదేమో అనిపిస్తోంది. ఇంకో మనిషిని నమ్మించి రమ్మనడం ధర్మమేనా?

మీరేమంటే అది చేస్తాను. నాకు నాన్న లేరు. అడగడానికి మీరే ఉన్నారు.

మీ కోడలు

&nbsp;

అమ్మాయికి,

హెడ్మాస్టరు మూడు వారాల తర్వాత తనంతట తానుగా ఒక పురుగు తిన్నాడు! ఒకటే. అయినా నేను చప్పట్లు కొట్టాను, పక్కింటివాళ్ళు ఏమిటని తొంగిచూశారు.

మీ అత్తయ్య కథ విను. మొన్న నేను గాజు దుకాణంలో ఉండగా పురుగుల డబ్బా మూత ఊడి వంటింటినిండా చిమ్మటలు. నేను వచ్చేసరికి ఆవిడ కొంగు నడుముకు బిగించి, చేటతో ఒక్కోదాన్నీ పట్టి డబ్బాలో వేస్తోంది. "చంపెయ్యలేకపోయావా" అంటే, "చంపితే వాడేం తింటాడు" అంది. "వాడు" అంది, విన్నావా? ఇన్నాళ్ళూ అది, ఆ పురుగు అనేది. ఇప్పుడు నీళ్ళలో కూచోబెట్టేది కూడా ఆవిడే. తల మాత్రం తడవనివ్వదు, పడిశం పడుతుందట.

వేళ్ళు వణకడం తగ్గింది. దవడ కాస్త గట్టిపడింది. వెనక కుడికాలు మాత్రం వంకరగానే ఉంది.

నువ్వడిగిన సంగతి. అది పెద్ద నిర్ణయం. చెయ్యమని గానీ వద్దని గానీ నేననను. నీ ఇష్టం. తొందరేముంది, ముందు వీడు కోలుకోనీ, తర్వాత చూద్దాం.

మీ మావయ్య

&nbsp;

మావయ్యగారికి,

నిన్న ఆయనకు కాదని చెప్పేశాను.

మీరు వద్దని రాయలేదు. కానీ మనస్ఫూర్తిగా సరే అనే మనిషైతే "నీ ఇష్టం" అని ఊరుకోరు కదా. మీరేం తప్పుగా రాయలేదు. మీ ఇంటి మనిషిని ఇంకొకరికి ఇవ్వమని మిమ్మల్నే అడగడం నాదే తెలివితక్కువ.

ఆయన కారణం అడగలేదు. నేనే చెప్పాను. "నా దగ్గర ఏదీ నిలవదండీ. ముందు మనిషి పోయాడు. ఒక మూగజీవిని ఇస్తే దాని ఎముకలు కూడా కరిగిపోయేలా చేశాను" అన్నాను. "అలా అనకండి" అన్నారు, అంతే. ఈరోజు పొద్దున మెట్ల దగ్గర నమస్కారం పెట్టారు, అన్న మాట ప్రకారం. ఆ నమస్కారం చూశాక లోపలికొచ్చి పళ్ళ అచ్చులున్న గదిలో తలుపేసుకుని ఏడ్చాను. గోడనిండా ఎవరెవరివో తెల్లటి పళ్ళు. అందరూ నన్నే చూసి నవ్వుతున్నట్టుంది.

హెడ్మాస్టరును ఇక నా దగ్గరికి పంపకండి, బాగయ్యాక కూడా. మీ దగ్గరే ఉండనివ్వండి. అత్తయ్యగారు బాగా చూసుకుంటున్నారు. ఆవిడకు నా కృతజ్ఞత చెప్పండి, వింటే.

మీ కోడలు

&nbsp;

తల్లీ,

ఈసారి హెడ్మాస్టరు సంగతి తర్వాత. ముందు నా సంగతి వినాలి.

ఆ రోజు డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న నీకు రాయలేదు. "దీపానికీ వీడికీ మధ్య ఏముంది?" అంది. "ఏమీ లేదండీ, గాజు పలక, అంతే" అన్నాను. నా నోట వచ్చిన మాట అది. గాజు ఉన్నా లేనట్టు కనిపించేలా బిగించడమే నా పనితనం అనుకుంటూ బతికినవాణ్ణి. ఆవిడ కలం కింద పెట్టేసింది. ఎముకకు బలమిచ్చే కిరణం ఒకటుంటుందట, కంటికి కనపడదు. వెలుగు గాజులోంచి వస్తుంది, వేడి వస్తుంది, అది మాత్రం రాదు. ఎంత పొడి మింగించినా ఆ కిరణం తగలకపోతే ఒంటికి పట్టదట. పాత జల్లెడే సరైనది. అయిదు నెలలు ఆ పిచ్చివాడు దీపం కింద పడుకుని ఎండ కాస్తోందనుకున్నాడు. నేను రోజూ సాయంత్రం ఆ గాజును మెత్తటి గుడ్డతో తుడిచాను.

నీ పొడి సంగతి చెబితే ఆవిడేమందో తెలుసా? "రెండు నెలలు మానితే ఇంత కాదండీ, ఇది గాజు వల్లే" అంది. తలూపిందని రాశానే, అది అబద్ధం. నువ్వు నన్ను అబద్ధమాడని మనిషన్నావు. ఆ మాట చదివి కూడా నేను కిక్కురుమనలేదు.

ఎందుకని నన్ను నేనే అడిగాను. సిగ్గు ఒకటి. ఈ చేతులతో ఇన్ని ఇళ్ళకు కిటికీలు బిగించి, నా కొడుకు పెంచుకున్నదాన్ని నా గాజుతోనే చంపబోయానని చెప్పలేకపోయాను. కానీ అదొక్కటే కాదు. నిందపడటం నీకు అలవాటేలే, ఇదొకటి మొయ్యలేవా అనుకున్నాను. అవునమ్మా, అలాగే అనుకున్నాను. మొన్న నీ చివరి ఉత్తరం బల్లమీద ఉంటే మీ అత్తయ్య చదివింది. చదివి, "కట్టుకున్నవాణ్ణే చూసుకోలేనిది తొండనేం చూస్తుంది" అంది. ఆవిడ పెదాలు చూస్తూనే ఉన్నాను. ప్రతి అక్షరం అందింది. అప్పుడు నా నోరు నాకే చేదైంది.

ఇక అసలుది. ఇది రెండేళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్నది.

ఆ రోజు వాన. బట్టల దుకాణం ముందు అద్దం పగిలి నీళ్ళు లోపలికి కొడుతున్నాయని కబురొస్తే వెళ్ళాను. ఆరడుగుల పలక, ఒక్కడి వల్ల కాదు. మనవాడికి ఫోను చేశాను. నాకు అవతలి మాట వినపడదు కదా, తెరమీద సెకన్ల అంకెలు కదిలితే ఎత్తాడని లెక్క. కదిలాయి. "ఒరేయ్, తొందరగా రారా, పలక ఎత్తాలి" అని రెండుసార్లు అరిచి పెట్టేశాను. వాడేమన్నాడో నాకు తెలియదు. రానన్నాడా, వానలో ఎలా రమ్మంటావని విసుక్కున్నాడా, బండి బ్రేకులు బాగాలేవన్నాడా, ఏమన్నాడో. కాసేపు చూసి, దుకాణం ఆయన్నే రెండోవైపు పట్టుకోమని పలక ఎత్తేశాను. వాడి అవసరమే లేకపోయింది. అద్దం అంచులకు లప్పం పెడుతుండగా మలుపులో వాడి బండి జారిందని చెప్పారు.

ఆస్పత్రికి లప్పం చేతులతోనే వచ్చాను. అందరి ముందూ నిన్ను అడిగాను, "ఎక్కడికి బయల్దేరాడు?" అని. నా మొహంలోకి చూసి, "తలనొప్పిగా ఉందని మాత్రలు తెమ్మన్నాను" అని గట్టిగా చెప్పావు. మీ అత్తయ్య అప్పుడు మొదలుపెట్టిన శాపనార్థాలు ఇప్పటికీ ఆపలేదు. ఆ మలుపు మందుల షాపుకీ దారే, నా దగ్గరికీ దారే. నువ్వు మాత్రలన్నావు, నాకు ఊపిరి వచ్చింది. దేవుడా, నా కోసం రాలేదు అనుకున్నాను. ఆ మాట నిజమేనా అని మళ్ళీ నిన్ను అడగలేదు. అడిగితే ఏం చెబుతావోనని భయం. ఫోను చేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంటే సంచీ బస్సులో పెట్టాను గానీ నోరు విప్పలేదు.

నిన్న మీ అత్తయ్యకు రెండూ చెప్పాను. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. అది నాకు తగినదే.

ఆ ఎక్స్‌రే ఆయన మంచివాడైతే చేసుకో తల్లీ. నీ చేతుల్లో ఏ దోషమూ లేదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. నిందలు మాత్రం నావి నాకు తిరిగి ఇచ్చెయ్యి.

హెడ్మాస్టరు బుధవారం కొమ్మ ఎక్కాడు. కుంటుతూనే ఎక్కాడు.

మావయ్య

&nbsp;

మావయ్యగారికి,

ఆ రోజు నాకు తలనొప్పి లేదు.

మీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మొదటి నాలుగు రోజులు మీమీద ఎంత కోపం వచ్చిందంటే, జవాబు రాస్తే కాగితం చిరిగేది. ఇప్పుడు కూడా పోలేదు. గాజు సంగతికి కాదు. అది తెలియక చేసింది, ప్రేమతో చేసింది. దాన్ని దాచినందుకు కూడా కాదనుకుంటాను. ఎందుకో చెబుతాను.

మీరు ఆస్పత్రిలో నన్ను అడిగినప్పుడు మీ చేతులకు ఇంకా లప్పం ఉంది. మీ మొహం చూశాను. నిజం చెబితే మీరు ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవరనిపించింది. ఫోనులో మీకు ఏమీ వినపడదు కాబట్టి, ఆయన మీ దగ్గరికే బయల్దేరారని మీకు తెలిసే దారి లేదనుకున్నాను. ఆ క్షణంలో నోటికొచ్చింది మాత్రలు. అత్తయ్యగారు అంతలేసి మాటలు అంటుంటే పళ్ళు బిగబట్టుకుని విన్నాను. ఒక్కరైనా మనశ్శాంతిగా ఉన్నారు కదా, పోనీలే అనుకున్నాను. రెండేళ్ళు అదే అనుకుంటూ మోశాను. ఇప్పుడు చూస్తే మీరు మొదటిరోజు నుంచీ అనుమానపడుతూనే ఉన్నారు. నేను మీకోసం ఆడిన అబద్ధంలో మీరు సుఖపడిందీ లేదు, నేను బతికిందీ లేదు. ఇంకెవరికి పనికొచ్చింది అది? దీనికి నాకు కోపం. "పరవాలేదు" అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఎప్పటికైనా రాస్తానేమో తెలియదు.

అత్తయ్యగారికి ఈ ఉత్తరం చూపించండి. నేనే వచ్చి చెప్పగలిగేంత ధైర్యం ఇంకా లేదు.

ఆయన్ను, అదే ఎక్స్‌రే ఆయన్ను, రేపు భోజనం దగ్గర కూర్చోమని అడుగుతాను. ఏం చెబుతానో నాకే తెలియదు. ఏది చెప్పినా నా చేతులకు భయపడి మాత్రం చెప్పను.

ఇక మీకు రావలసింది ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

ఆ రోజు మీ అబ్బాయి హెడ్మాస్టరుకు మేత పెడుతున్నారు. ఫోను మోగింది. మీ అరుపు గది ఇవతలికి నాకూ వినపడింది. ఆయన, "వస్తున్నా నాన్నా. నేనొచ్చేదాకా ఎత్తకు" అన్నారు. మీరు మళ్ళీ అరిచారు. ఆయన మళ్ళీ అదే చెప్పారు, ఇంకా మెల్లగా, ఒక్కో మాటా విడదీసి. "వినపడదుగా, ఎవరికి చెబుతున్నారు?" అన్నాను. "అలవాటు" అన్నారు. వాన తగ్గాక వెళ్ళండి అన్నాను, చొక్కా పట్టుకున్నాను. "ఆయన ఆగుతాడనుకున్నావా? ఒక్కడే ఎత్తి నడుం విరగ్గొట్టుకుంటాడు" అని నా చెయ్యి విడిపించుకుని చెప్పులు వేసుకున్నారు. బ్రేకులు బాగానే ఉన్నాయి. రానని అనలేదు. విసుక్కోలేదు మావయ్యగారూ. నవ్వుకుంటూనే వెళ్ళారు.

మీ కోడలు